"నాకు కలలే పడవు మేడం": ఒక షిఫ్ట్ కార్మికుడితో కలల జ్ఞాపకం మీద చేసిన పని

క్లయింట్‌కు ముప్పై ఏళ్ల లోపే. భూపాలపల్లి వైపు భూగర్భ బొగ్గు గనిలో పని. పెళ్లయింది, ఒక పాప, తల్లి కూడా వీళ్లతోనే ఉంటుంది. హన్మకొండలో ఉన్న నా దగ్గరికి పరకాల మీదుగా బస్సులో వచ్చేవాడు. ఈ కేసు అతని అనుమతితోనే రాస్తున్నాను. ఎవరో పోల్చుకునే వీలున్న వివరాలు మార్చాను. నిద్ర, షిఫ్టులు, కలలకు సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

మొదటి రోజు కూర్చోగానే అడిగింది ఒకటే: "లూసిడ్ డ్రీమింగ్ నేర్పుతరా మేడం?" కల కంటున్నామని కలలోనే తెలిసిపోయే అనుభవానికి ఆ పేరు. ఫోన్‌లో వీడియోలు చూసి కొన్ని నెలలుగా సొంతంగా ప్రయత్నిస్తున్నాడు. ఒక్కసారి కూడా కాలేదు. మామూలుగా ఎలాంటి కలలు వస్తాయని అడిగితే, "నాకు కలలే పడవు మేడం. పండుకుంటే లేచుడే" అన్నాడు.

అసలు కారణం రెండో సెషన్‌లో చెప్పాడు. "బాపు పోయి రెండేండ్లాయె. అమ్మకు కలల కనవడ్తడు, అక్కకు కనవడ్తడు. నాకు ఒక్కసారి గూడ రాలె. అందుకే నేనే పోయి కలుద్దామని."

అక్కడ ఆగి ఒక విషయం స్పష్టం చేయాల్సి వచ్చింది. కలలోకి ఎవరొస్తారో ఎవరూ హామీ ఇవ్వలేరు. లూసిడ్ కలలో కూడా అన్నీ మనం అనుకున్నట్టే జరగవు. నాన్న కనిపిస్తాడని మాటిచ్చి పని మొదలుపెడితే, కనిపించని ప్రతి రాత్రీ అతనికి కొత్త దెబ్బ అవుతుంది. మనం పని చేయగలిగింది జ్ఞాపకం మీద, అంటే పడిన కలను పట్టుకోవడం మీద. దానికి ఒప్పుకుంటేనే మొదలుపెడదామన్నాను. వారం ఆలోచించుకుని ఒప్పుకున్నాడు. తండ్రి లేని బాధ మీద విడిగా మాట్లాడుకున్న సెషన్ల గురించి ఇక్కడ రాయను. అవి అతని సొంతం.

కలలు పడవా, గుర్తుండవా?

"కలలు పడవు" అనేవాళ్లలో దాదాపు అందరికీ పడతాయి, గుర్తుండవంతే. 1953లో చికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ నిద్రలో కళ్లు వేగంగా కదిలే దశను గుర్తించారు. రెమ్ నిద్ర అనేది దాన్నే. ఆ దశలో లేపితే చాలామంది అప్పటిదాకా చూస్తున్న కలను చెప్పగలరు. 2015లో పారిస్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం నాకు ఇంకా గట్టిగా అనిపిస్తుంది. రెమ్ నిద్రలో శరీరం కదలకుండా సడలిపోయి ఉండాల్సింది పోయి, కలలో చేసే పనిని మంచం మీదే చేసేసే జబ్బు ఒకటి ఉంది. ఆ జబ్బు ఉన్నవాళ్లలో కొందరు జీవితంలో కల అన్నదే ఎరగమని చెప్పేవాళ్లు. వాళ్లే నిద్రలో ఎవరితోనో వాదిస్తూ, గుద్దుతూ వీడియోల్లో కనిపించారు.

ఇది చెప్పినప్పుడు క్లయింట్ సగమే నమ్మాడు. తర్వాతిసారి తల్లి వెంట వచ్చింది. "వీనికి కలలు పడయా? నిద్రల పొద్దుమాపు కలవరిస్తనే ఉంటడు" అంది. కలవరింత నిద్రలో ఏ దశలోనైనా రావచ్చు కాబట్టి అది శాస్త్రీయ రుజువు కాదు. ఆ మాట ఇద్దరికీ చెప్పాను. అయినా తన నోటి నుంచి రాత్రిపూట మాటలు వస్తున్నాయని విన్నాక అతని ధోరణి మారింది. లేనిదాన్ని తెచ్చుకోవడం కాదు, ఉన్నదాన్ని జారిపోకుండా చూసుకోవడమని తనే అన్నాడు.

జారిపోవడానికి కారణం మెదడులోనే ఉంది. రెమ్ దశలో నోరాడ్రినలిన్ అనే మెదడు రసాయనం చాలా తక్కువకు పడిపోతుంది. కొత్త విషయం జ్ఞాపకంలో నిలబడడానికి అది కావాలి. కాబట్టి కల అప్పటికి ఎంత స్పష్టంగా ఉన్నా, దాని పట్టు బలహీనం. మెలకువ వచ్చిన మొదటి నిమిషంలో వేరే ఆలోచన ఏది అడ్డొచ్చినా కల పోతుంది. అందుకే ఈ కేసులో నేను రాత్రి చేసే సాధనల కంటే ఎక్కువ పొద్దున లేచే తీరు మీదే పని చేశాను.

షిఫ్టుల లెక్క

కేసు మలుపు తిరిగింది ఇక్కడే. అతని పని వారం వారం మారుతుంది. ఫస్ట్ షిఫ్ట్ పొద్దున ఏడు నుంచి మూడు, సెకండ్ మూడు నుంచి రాత్రి పదకొండు, నైట్ పదకొండు నుంచి ఏడు. వీడియోల్లో చెప్పే పద్ధతులన్నీ రోజూ ఒకే వేళకు పడుకునేవాళ్ల కోసం తయారైనవి. ఇతను వాటిని మూడు షిఫ్టుల్లోనూ ఒకేలా చేస్తున్నాడు.

రాత్రి నిద్ర సుమారు తొంభై నిమిషాల చొప్పున నాలుగైదు విడతలుగా సాగుతుంది. మొదటి విడతలో రెమ్ కొద్ది నిమిషాలే. తెల్లవారే కొద్దీ అది పెరుగుతూ పోతుంది, చివరి విడతల్లో అరగంట దాకా ఉండొచ్చు. ఎనిమిది గంటల నిద్రలో చివరి రెండు గంటలు కోసేస్తే నిద్రలో పావు వంతే పోతుంది కానీ, రెమ్‌లో పోయేది అంతకంటే చాలా ఎక్కువ. తెల్లవారుజాము కల నిజమవుతుందని మన పెద్దలు అంటారు. నిజమవుతుందా అన్నది నేను చెప్పలేను. జనం చెప్పుకునే కలల్లో ఎక్కువ ఆ వేళవే కావడానికి మాత్రం ఇది బలమైన కారణం.

ఇప్పుడు అతని వారాలు చూడండి. ఫస్ట్ షిఫ్ట్‌లో పొద్దున ఐదు లోపే అలారం. రాత్రి పదకొండుకు గానీ పడుకోడు. అంటే కలలు దట్టంగా పడే భాగాన్ని ప్రతిరోజూ అలారం కోసేస్తోంది. నైట్ షిఫ్ట్‌లో పొద్దున ఎనిమిదింటికి ఇంటికి వచ్చి, తిని, తొమ్మిదికి పడుకుంటాడు. శరీరంలోని గడియారం ప్రకారం అది రెమ్ బలంగా ఉండే వేళ కాబట్టి పడుకున్న కొద్దిసేపటికే ఆ దశ వచ్చేస్తుంది. కానీ ఎండ, వీధి చప్పుడు, పాప ఏడుపు మధ్య నిద్ర మూడు నాలుగు గంటలకే చెదిరిపోతుంది. మిగిలింది సెకండ్ షిఫ్ట్. రాత్రి పన్నెండు దాటాక ఇంటికి చేరి, ఒంటిగంటకు పడుకుని, ఎనిమిది తొమ్మిది దాకా అలారం లేకుండా పడుకోగలిగేది ఆ వారమే.

కాబట్టి మా ఒప్పందం ఇది: సాధన అంతా సెకండ్ షిఫ్ట్ వారాల్లోనే. నైట్ షిఫ్ట్ వారాల్లో డైరీ కూడా వద్దు, దొరికినంత నిద్ర పోవడమే పని. ఫస్ట్ షిఫ్ట్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు పడుకునే ప్రయత్నం, అంతకు మించి ఏమీ లేదు. ప్రతి మూడు వారాల్లో ఒక్క వారమే సాధన అంటే అతనికి మొదట నిరాశగా అనిపించింది. నేను మెత్తబడలేదు. భూగర్భంలో పనిచేసే మనిషి కలల కోసం నిద్ర తగ్గించుకోవడం ప్రమాదం. అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచే పద్ధతులను మొత్తంగా మానిపించాను.

ఇంకో నియమం కూడా పెట్టాను. "ఇది కలా, నిజమా" అని పగలు పదేపదే పరీక్షించుకోమని లూసిడ్ డ్రీమింగ్ నేర్పేవాళ్లు చెబుతారు. చేతివేళ్లు లెక్కపెట్టడం, ముక్కు మూసుకుని గాలి పీల్చి చూడడం లాంటివి. గని లోపల అవి ఒక్కటి కూడా చేయొద్దని చెప్పాను. పైకప్పు కింద, యంత్రాల మధ్య నిలబడ్డ మనిషికి ఎదురుగా ఉన్నది నిజమా అన్న సందేహం క్షణం కూడా ఉండకూడదు.

మాత్ర, మందు, "దయ్యం"

మొదటి అంచనాలో ఇంకో మూడు విషయాలు బయటపడ్డాయి. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన నిద్ర మాత్రను నైట్ షిఫ్ట్ వారాల్లో వేసుకుంటున్నాడు. కొన్ని నిద్ర మాత్రలు నిద్ర దశల తీరునే మార్చేస్తాయి. అయినా ఉన్నట్టుండి ఆపడం మంచిది కాదు, ఆపమని చెప్పడం నా పని కూడా కాదు. మానసిక వైద్యుడి దగ్గరికి పంపాను. ఆయన పర్యవేక్షణలో మెల్లగా తగ్గించి ఆపారు. గురక, పగటి మత్తు గురించి కూడా ఆయనే చూశారు, ఇబ్బంది ఏమీ తేలలేదు.

రెండోది వారం సెలవు రోజు తాగే మందు. అది రాత్రి మొదటి సగంలో రెమ్‌ను అణచేస్తుంది, రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది. సాధన వారంలో మానేస్తానన్నాడు, చాలావరకు మానేశాడు.

మూడోదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. ఒక వీడియో చూసి, శరీరాన్ని నిద్రపుచ్చి మనసును మేలుకునే ఉంచే పద్ధతిని నైట్ షిఫ్ట్ తర్వాత పొద్దున ప్రయత్నించాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, కాలూ చెయ్యీ కదలడం లేదు, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. ఇంట్లో దయ్యం అన్నారు. తల్లి తాయత్తు కట్టించింది. ఇది నిద్ర పక్షవాతం. రెమ్‌లో కండరాలు పట్టు వదిలి కదలకుండా ఉండడం మామూలే, ఆ స్థితి పూర్తిగా వీడకముందే మెలకువ వస్తే ఇలా అవుతుంది. నిద్ర వేళలు తప్పినవాళ్లలో ఇది ఎక్కువ. ప్రాణానికి హాని లేదని, వచ్చినప్పుడు కాలి వేలో చేతి వేలో కదిలించాలని, ఊపిరి మీద ధ్యాస పెట్టాలని చెప్పాను. తాయత్తు తీసేయమనలేదు. అది ఉంటే తల్లి నిశ్చింతగా పడుకుంటుంది. ఆ పద్ధతిని మాత్రం పూర్తిగా వదిలేయమన్నాను.

పొద్దున మొదటి నిమిషం

మొదటి సెకండ్ షిఫ్ట్ వారంలో కల రాయమని అడగలేదు. లేవగానే మూడు మాటల్లో ఒకటి చెప్పమన్నాను: కల యాదికుంది, కల పడ్డట్టుంది కానీ యాదికి లేదు, ఏమీ లేదు. నడిమిది నాకు చాలా ముఖ్యం. కల పడిందన్న భావన ఉండి, లోపల ఏముందో గుర్తులేని స్థితి అది. మొదట్లో గుర్తుండనివాళ్లు "ఏమీ లేదు" నుంచి ఈ నడిమి మాటకు రావడమే మొదటి మెట్టు. ఇతను మూడు నాలుగు రోజుల్లోనే అక్కడికి వచ్చాడు.

తర్వాత లేచే తీరు. మెలకువ రాగానే కళ్లు తెరవొద్దు, పక్కకు ఒరగొద్దు. ఇప్పుడు మనసెట్లుంది అన్నది మొదటి ప్రశ్న. భయంగా ఉందా, ఖుషీగా ఉందా, ఎవరి మీదన్నా కోపంగా ఉందా? బొమ్మ పోయినా దాని వెంట వచ్చిన భావం ఇంకాసేపు నిలబడుతుంది. ఆ భావం కొసను పట్టుకుంటే వెనకాల ఒక మనిషో, ఒక చోటో వస్తుంది. అది ఎక్కడిది, దానికి ముందు ఏమైంది అని వెనక్కి పోవాలి. ఏమీ రాకపోతే నిదానంగా రెండో పక్కకు తిరిగి మళ్లీ చూసుకోవాలి. ఏ పక్కన పడుకుని ఉండగా కల పడిందో ఆ పక్కకు తిరిగితే గుర్తొచ్చిందని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చెబుతారు, ఇతనికీ అలాగే అయింది.

రాయడం అతనికి ఇష్టం లేదు. స్మార్ట్‌ఫోన్‌లో రికార్డ్ చేద్దామంటే, తెరవగానే వాట్సాప్‌లో షిఫ్ట్ గ్రూపు మెసేజీలు. మూడు మెసేజీలు చదివేలోపు కల పోతుంది. ఇంట్లో వాడకుండా పడి ఉన్న పాత కీప్యాడ్ ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఉంది. దాన్ని దిండు పక్కన పెట్టించాను. కళ్లు మూసుకునే బటన్ నొక్కి, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే, ఒక్క ముక్కయినా సరే చెప్పాలి. మొదటి రికార్డింగులో ఉన్నది మొత్తం ఇంతే: "ఏందో తడి వాసన. బూట్లు." దాన్ని కల కింద లెక్కపెట్టనన్నాడు. లెక్కపెట్టాల్సిందే అన్నాను. ముక్కలను తోసేసేవాళ్లకు నిండు కలలు దొరకడం నేను చూడలేదు.

రాత్రి చేసేది చాలా చిన్నది. పడుకునే ముందు పాత రికార్డింగు ఒకటి విని, "పొద్దున లేవంగనే కల యాది చేసుకుంట" అని రెండు మూడుసార్లు అనుకోవాలి.

నల్లా నీళ్లు, అమ్మ ప్రశ్న

వాళ్లింట్లో పొద్దున ఆరింటికి నల్లా వస్తుంది. డ్రమ్ములు నింపడం ఇతని పని. తల్లి గట్టిగా పిలిచేది, ఇతను ఉలిక్కిపడి లేచి పరుగెత్తేవాడు. నీళ్లు పట్టి మళ్లీ పడుకునేవాడు. సెకండ్ షిఫ్ట్ వారంలో నిద్ర మధ్యలో ఆ సమయానికి వచ్చే మెలకువ నిజానికి ఒక వరం. కలలు బాగా గుర్తుండేవాళ్లకు నిద్ర మధ్యలో మెలకువలు ఎక్కువని ఫ్రాన్స్‌లోని లియాన్ పరిశోధకులు చూపించారు. మెలకువ లేకపోతే కల జ్ఞాపకంలోకి ఎక్కే సందే ఉండదు. ఇతనికి ఆ మెలకువ ఉంది. దాన్ని పాడు చేస్తున్నది ఉలికిపాటు, చెవిలో పడే మొదటి మాట.

తల్లిని మరోసారి రమ్మన్నాను. నీళ్ల మాట రెండు నిమిషాలు ఆపి, భుజం మీద చెయ్యి వేసి మెల్లగా ఒక్కటే అడగమన్నాను. ఆమెకు వెంటనే అర్థమైంది. మర్నాటి నుంచి ఆమె మాట: "ఏం కలవడ్డది కొడుకా?"

ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదేనని నా నమ్మకం. అంతకుముందు వారానికి రెండు మూడు ముక్కలు దొరికేవి. ఆ ప్రశ్న మొదలయ్యాక సెకండ్ షిఫ్ట్ వారాల్లో దాదాపు రోజూ ఏదో ఒకటి, కొన్ని రోజులు రెండు కలలు. అడిగే మనిషి ఉన్నారన్న ఎదురుచూపు రాత్రి పడుకునేటప్పుడే మొదలవుతుంది. పైగా ఆమె తన కలలు కూడా చెప్పడం మొదలుపెట్టింది. కలలకు విలువ ఇచ్చే ఇంట్లో కలలు గుర్తుంటాయి. ఒంటరిగా ఉండే క్లయింట్లకు ఇలా అడిగే మనిషిని ఎక్కడి నుంచి తేవాలన్నది నాకు పెద్ద ప్రశ్నే. స్నేహితుడికి రోజూ వాయిస్ మెసేజ్ పంపే ఏర్పాటు కొందరికి ఉపయోగపడింది.

కలల్లో ఏముంది

రికార్డింగులు పోగయ్యాక కలిసి విన్నాం. ఒకటి అతని మాటల్లోనే: "గ్యాలరీల నడుస్తున్న. పైకప్పుకు బోల్టులున్నయ్, అంత మా గనే. ముంగటికి పోతే జంపన్నవాగు. ఆడోళ్లు తానాలు చేస్తున్రు, బెల్లం ముద్దలు మోస్తున్రు. నాకు అనుమానమే రాలె మేడం, బొగ్గు లోపట వాగేందని."

అనుమానం రావాల్సిన చోట్లు ఇవే. కలల్లో మళ్లీ మళ్లీ వచ్చే వింతను ఆనవాలుగా పెట్టుకుంటే, తర్వాత కలలోనే మేలుకోవడానికి అది పనికొస్తుంది. ఇతని ఆనవాలు క్యాప్ ల్యాంప్. పెళ్లిలో, బస్సులో, అత్తగారింట్లో ఎక్కడున్నా నెత్తి మీద హెల్మెట్, దాని మీద దీపం వెలుగుతూనే ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు.

నాలుగో నెలలో తండ్రి వచ్చాడు. బండి కిక్ కొడుతున్నాడట, స్టార్ట్ కావడం లేదు. "పెట్రోల్ చూసినవారా?" అని ఇతన్నే తిట్టాడట. అంతే. అది లూసిడ్ కల కాదు. కలలో అది కల అని తెలియదు, తండ్రి పోయాడన్న సంగతి కూడా గుర్తు లేదు. చెబుతూ నవ్వాడు, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. దాని అర్థం ఏమిటని అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రికార్డింగును తల్లికి వినిపించాడు. ఆ తర్వాత లూసిడ్ డ్రీమింగ్ మీద తొందర తగ్గింది. ఇష్టం మాత్రం పోలేదు.

అప్పుడు మొదలైన అసలు సాధన

లూసిడ్ కలలు వట్టి కబుర్లు కావు. 1975లో ఇంగ్లండ్‌లోని హల్‌లో కీత్ హెర్న్, తర్వాత అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్, నిద్రలో ఉన్న మనిషి ముందే అనుకున్న పద్ధతిలో కళ్లు కదిపి "నాకు తెలుస్తోంది" అని సంకేతం ఇవ్వడాన్ని యంత్రాల మీద నమోదు చేశారు. రోజుకు ఒక కలైనా గుర్తుండే స్థితి వచ్చాకే సాధన మొదలుపెట్టాలన్నది లాబెర్జ్ సలహా. నేనూ అదే పాటిస్తాను. కలలో మేలుకున్నా పొద్దునకు గుర్తు లేకపోతే దక్కేది ఏమీ లేదు.

ఇతనికి కొత్తగా అలారం అక్కర్లేదు, నల్లా ఉంది. నీళ్లు పట్టి మళ్లీ పడుకునేటప్పుడు, అంతకుముందే చెప్పిన కలను మనసులో మళ్లీ నడిపించుకోవాలి. అందులో ల్యాంప్ కనిపించిన చోట ఆగి, "ఇది కల" అని గుర్తుపట్టినట్టు ఊహించుకోవాలి. మళ్లీ కల పడితే అది కల అని గుర్తుపడతా అనుకుంటూ నిద్రలోకి జారాలి. దీని పేరు మైల్డ్ (MILD) పద్ధతి, లాబెర్జ్ రూపొందించిందే. 2017లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి వచ్చిన అధ్యయనంలో, ఇది చేశాక ఐదు నిమిషాల్లోపు నిద్రపట్టినవాళ్లకు ఫలితం ఎక్కువగా కనిపించింది. అందుకే ఎక్కువసేపు చేయొద్దని, నిద్ర వస్తే మధ్యలోనే వదిలేయమని చెప్పాను.

ఈ సాధన రెండో విడతలో ఒక రోజు ఫంక్షన్ హాల్లో భోజనాల వరుసలో కూర్చున్న కల. విస్తరి మీద గుండ్రంగా వెలుగు పడింది. తల ఎత్తితే వెలుగు కూడా కదిలింది. "ఇది నా ల్యాంపే, కలే ఇది" అనుకున్నాడు. సంతోషం పట్టలేక ఆ క్షణమే మెలకువ వచ్చింది. మొదటిసారి చాలామందికి ఇలాగే అవుతుంది. ఈసారి అయితే కల చెదిరిపోకుండా చేతులు రుద్దుకోమని, దేన్నైనా తాకి చూడమని చెప్పాను. ఆ తర్వాత ఇంకొన్ని వచ్చాయి, అన్నీ చిన్నవే.

ఫస్ట్ షిఫ్ట్ వారాల్లో పరిస్థితి పెద్దగా మారలేదు. తొమ్మిదిన్నరకు పడుకోవడం ఇంట్లో కుదరడం లేదు, పొద్దున దొరికేది ఒకటి రెండు మాటలే. దాన్ని అలాగే వదిలేశాం. నిద్ర పక్షవాతం ఈ మధ్య ఒకసారి వచ్చింది, వేలు కదిలించి బయటపడ్డాడు, భయపడలేదు. నెలకోసారి ఫోన్‌లో మాట్లాడుతున్నాం. అది మళ్లీ ఎక్కువైతే, లేదా గనిలో మత్తుగా ఉందని ఒక్కసారి చెప్పినా, ముందు ఆపేది నల్లా తర్వాతి సాధననే. అమ్మ ప్రశ్న, కీప్యాడ్ ఫోన్ మాత్రం ఉంటాయి.